బరంపురానికి మారుతున్నారా? ఏ పేటలో ఇల్లు చూసుకోవాలి

శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో బదిలీ మీద ఒడిశాలోని బరంపురం వచ్చేవారు, ఇక్కడి విద్యాసంస్థల్లో కొత్తగా ఉద్యోగంలో చేరేవారు ఏటా మే, జూన్ నెలల్లో ఒకే ప్రశ్న అడుగుతారు: “తెలుగువాళ్లు ఎక్కువగా ఏ పేటలో ఉంటారండీ?” కొత్త రాష్ట్రంలో, తెలియని లిపి ఉన్న ఊళ్లో కాపురం పెట్టబోయే ఇల్లాలికి ఆ ప్రశ్న తోచడం సహజమే. అయితే బరంపురం విషయంలో దానికి అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఇక్కడే. కూరగాయల బజారులో, మందుల దుకాణంలో, ఆటో స్టాండు దగ్గర మీరు తెలుగులో మొదలుపెడితే, ఒడియా యాస కలిసినదైనా సరే, జవాబు తెలుగులోనే వస్తుంది. కాబట్టి పేటను ఎంచుకునేటప్పుడు భాషను కాసేపు పక్కన పెట్టి, రోజూ ఉదయం మీరు ఏ వైపు వెళ్లాలి, పిల్లల పైచదువు ఏ రాష్ట్రంలో సాగాలి, అక్టోబరులో కురిసే వాన ఆ వీధిలోంచి ఎటు పోతుంది అన్న సంగతులు ముందు తేల్చుకోవాలని నా సలహా. అద్దె ఎంత అన్నది ఆ తరువాతి మాట.

పని సంగతి మొదట చూద్దాం. బరంపురంలో ఉద్యోగం అని ఉత్తర్వులో ఉన్నంత మాత్రాన పని బరంపురంలో ఉంటుందని అనుకోకూడదు. గంజాం జిల్లా ముఖ్య పట్టణం ఛత్రపురం. కలెక్టరు కార్యాలయంతో పని ఉన్నవారు, అక్కడి ఇసుక ఖనిజాల కర్మాగారంలో చేరినవారు రోజూ సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్లి రావలసిందే. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరాన భంజ బిహార్‌లో, గోపాలపూర్ సముద్రానికి దగ్గరగా ఉంది. 2016లో మొదలైన కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కు శాశ్వత ప్రాంగణం ఊరి బయట లౌడిగాంలో ఉంది. పాలూరు కొండల దగ్గరి ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లేవారు ఇచ్ఛాపురం వైపు గోలంతరా దారి పట్టాలి. ఇవన్నీ ఒకే దిక్కున లేవు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులై, ఒకరి పని ఛత్రపురంలోను, మరొకరిది గోలంతరా వైపున ఉంటే, ఊరి నడిమధ్యన ఉండడం తప్ప వేరే దారి లేదు. ఒక్కరే బయటికి వెళ్లే కుటుంబమైతే, ఆ ఒక్కరు జాతీయ రహదారిని త్వరగా అందుకోగలిగే వైపున ఇల్లు చూసుకుంటే రోజుకు ముప్పావుగంట మిగులుతుంది. ఉదయం తొమ్మిది నుంచి పదింటి మధ్య ఊరి లోపలి రోడ్ల మీద బండి నడిపినవారికి ఆ ముప్పావుగంట విలువ తెలుస్తుంది.

ఇక పేటల విషయానికి వస్తే, పాత ఊరితో మొదలుపెట్టడం న్యాయం. బడా బజార్, భాపూర్ బజార్, దేశీబెహెరా వీధి, వాటి చుట్టుపక్కల సందులు ఈ ఊరికి పట్టునగరం అనే పేరు తెచ్చిన చోట్లు. అంచు మీద గుడి గోపురపు వరస నేసే బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ నేత కుటుంబాల ఇళ్లు వీధి మీదికి అరుగుతో తెరుచుకుని, లోపలికి రైలుపెట్టెలాగా ఒక గది వెనక మరో గదిగా పొడుగ్గా సాగుతాయి. ఇక్కడ అద్దెకుంటే సంత, గుడి, వైద్యుడు, అప్పడాలూ పచ్చళ్లూ అమ్మే దుకాణాలు అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. ఒంటరిగా ఇంట్లో ఉండవలసిన పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి చోటు బరంపురంలో లేదని నా నమ్మకం. అరుగు మీద కూర్చుంటే పలకరించే మనిషి లేకుండా పది నిమిషాలు గడవవు. అయితే మధ్య గదుల్లోకి వెలుతురు రాదు, కారు పెట్టుకోవడానికి చోటు ఉండదు, రాత్రిపూట అవసరం పడితే అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోవచ్చు. రెండేళ్లకు ఒకసారి చైత్రంలో మొదలయ్యే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో ఈ వీధులన్నీ రాత్రంతా జనంతో, వేషాలతో, వాయిద్యాలతో నిండిపోతాయి. చూడవలసిన పండుగ అది, కాదనను. పదో తరగతి పరీక్షలకు చదువుతున్న పిల్లలో, గుండెజబ్బు ఉన్న పెద్దలో ఇంట్లో ఉంటే మాత్రం ఆ నెల సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి.

పాత ఊరి సందడికి కొంచెం ఎడంగా ఉంటూ, అన్నింటికీ దగ్గరగా ఉండాలనుకునేవారికి గాంధీనగర్, హిల్‌పట్న చుట్టుపక్కలు సరిపోతాయి. గాంధీనగర్‌లో వీధులను మొదటి లైను, రెండో లైను అని అంకెలతో పిలుస్తారు గనుక కొత్తవారికి దారి తెలుసుకోవడం సులువు. ఇళ్లు పాతవే అయినా పునాది ఎత్తుగా వేసినవి ఎక్కువ కనిపిస్తాయి. యజమాని కింది భాగంలో ఉండి పై అంతస్తును అద్దెకిచ్చే పద్ధతి ఇక్కడ బాగా ఉంది. యజమాని అదే ఇంట్లో ఉండడం కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. కానీ భాష పూర్తిగా రాని మొదటి ఏడాదిలో మునిసిపాలిటీ కుళాయి ఎప్పుడు వస్తుందో చెప్పడానికి, మోటారు పాడైతే మనిషిని పిలిపించడానికి కింద ఒక కుటుంబం ఉండడం కొండంత అండ. ఊరికి కొత్తగా వచ్చేవారు మొదటి సంవత్సరం ఈ చుట్టుపక్కలే అద్దెకుండి, ఊరు తెలిసిన తరువాత కావాలంటే మారమని నేను అందరికీ చెబుతాను. అద్దె కొత్త కాలనీల కంటే కొంత ఎక్కువే పడుతుంది, అయినా చెబుతాను.

1962లో ప్రారంభమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆస్పత్రి చుట్టుపక్కల వీధుల గురించి ఒక్క మాట. దక్షిణ ఒడిశా అంతటి నుంచీ, మన సరిహద్దు మండలాల నుంచీ రోగులు అక్కడికే వస్తారు. అందులో పనిచేసేవారికి, రాత్రి డ్యూటీలు ఉన్నవారికి అక్కడే ఇల్లు తీసుకోవడం మంచిది. మిగిలినవారు ఆ రద్దీలో ఉండి పొందేది పెద్దగా లేదు. ఊరి మధ్యలో ఎక్కడున్నా ఆస్పత్రి దూరం కాదు.

నేను ఎక్కువగా జాగ్రత్త చెప్పవలసింది కొత్త కాలనీల గురించి. అంబపువా, ఇంజనీరింగ్ స్కూల్ రోడ్డు, అంకులి, కొత్త బస్టాండు ఉన్న హలదియాపదర్ వైపు ఊరు పెరుగుతూ వస్తోంది. వెడల్పైన రోడ్లు, కారు పెట్టుకునే చోటు, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లు, గాలీ వెలుతురూ ఉన్న గదులు కావాలంటే అటే వెళ్లాలి. మేము 2013 మే నెలలో ఈ ఊరు వచ్చినప్పుడు అటువంటి ఒక కొత్త కాలనీలోనే దిగాము. తెల్లటి గచ్చు, పెద్ద కిటికీలు, ఇంటి ముందు ఖాళీ స్థలం చూసి మా ఆవిడా నేనూ ఎంతో సంతోషించాము. ఆ ఖాళీ స్థలం ఒకప్పటి వరి మడి అని, మా ఇల్లు కూడా దాని మీద మట్టి పోసి కట్టినదేనని అడగాలని మాకు తోచలేదు; చెప్పవలసిన యజమాని చెప్పలేదు. ఆ సంవత్సరం అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలికి పైనున్న నీళ్ల ట్యాంకు ఎగిరిపోయింది, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, మా వీధికి మళ్లీ కరెంటు వచ్చేసరికి రెండు వారాలు గడిచాయి. అయినా ఇల్లు నిలబడింది గదా అనుకున్నాము. అదే నెల చివరి వారంలో గంజాం జిల్లా అంతటా కురిసిన కుండపోత వానకు వీధిలోని నీళ్లు పోయే దారి లేక మా వంటింట్లోకి వచ్చాయి. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి, తెల్లవార్లూ మెట్ల మీద కూర్చున్నాము.

ఆ నవంబరులో మళ్లీ ఇళ్లు వెతుకుతున్నప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఒక ఇంటి ప్రహరీ గోడకు నడుము ఎత్తు దాకా మాత్రమే కొత్త సున్నం వేసి ఉంది. ఆ పైన పాత రంగు అలాగే ఉంది. ఎందుకో అర్థం కాక నిలబడి చూస్తుంటే, పక్కింటి అరుగు మీద వడియాలు ఆరబెడుతున్న ముసలావిడ చేయి ఆపి, తన మోకాలికి కాస్త పైన అరచెయ్యి అడ్డంగా పెట్టి, “ఏతే పాణి బాబూ, ఇక్కడిదాకా” అంది. గోడకు వేసిన సున్నం చెప్పకుండా దాచిన సంగతిని ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. అప్పటినుంచి ఏ ఇల్లు చూసినా లోపలి గదుల కంటే ముందు ప్రహరీ గోడ అడుగు చూస్తాను. మోటారు స్విచ్చులు, మీటరు పెట్టె ఏ ఎత్తులో బిగించారో చూస్తాను, ఎందుకంటే ఒకసారి మునిగిన ఇంట్లో వాటిని పైకి జరుపుతారు. వీధి చివర ఇస్త్రీ బండి అబ్బాయిని, కిరాణా కొట్టు ఆయనను అడుగుతాను. ఇంటి బ్రోకరును మాత్రం అడగను. అంబపువాలోనైనా అంకులిలోనైనా ఎత్తుగా ఉండి చుక్క నీరు నిలవని వీధులు ఉన్నాయి, వాటి పక్కనే పల్లంలో ఉన్న వీధులూ ఉన్నాయి; అందుకే కాలనీ పేరు విని మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పడం కుదరదు, వీధి వీధికీ లెక్క మారుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ ప్రాంతానికి అక్టోబరు అంటే ఏమిటో మరోసారి గుర్తుచేసింది. అపార్ట్‌మెంటు అయితే కింది అంతస్తు వద్దు. జనరేటరు లిఫ్టుకు మాత్రమేనా, నీళ్ల మోటారుకు కూడా ఉందా అని తప్పక అడగండి. కరెంటు లేకపోతే నాలుగో అంతస్తుకు నీళ్లు మోయవలసింది మనమే.

తాగునీరు ఇంకొక పెద్ద సంగతి. ఈ ఊరికి నీళ్లు దఖిణపూర్ జలాశయం నుంచి, రుషికుల్య నది నుంచి వస్తాయి. వేసవిలో నీటి ఎద్దడి బరంపురం వాసులకు ఏళ్ల తరబడి అలవాటైన కష్టం. ఊరి లోపల పాత పేటల్లో కుళాయి నీరు ఏదో ఒక వేళకు వస్తుంది, దాన్ని సంపులో పట్టుకుంటారు. కొత్త కాలనీల్లో కుళాయి గొట్టం వీధిలోకి వచ్చినా, ఆ ఇంటికి కనెక్షను ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మొత్తం బోరు మీదే ఆధారపడాలి. బోరు నీళ్లను పరీక్షించడానికి నాకు తెలిసిన చిన్న పద్ధతి ఉంది. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఒక స్టీలు గిన్నెలో ఆ నీళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చి, సగానికి ఇగిరేదాకా మరిగించి చల్లార్చండి. గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా అంటుకుంటే అది కఠిన జలం. పప్పు ఉడకదు, గీజరు రెండేళ్లు కూడా మన్నదు.

ఇప్పుడు ఇచ్ఛాపురం మాట. బరంపురానికి ఇరవై అయిదు కిలోమీటర్ల లోపు దూరంలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు లోపల ఉన్న ఈ పట్టణంలో కాపురం పెట్టి, రోజూ బరంపురం వెళ్లి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. అద్దె తక్కువ, బడిలో తెలుగు, రేషను కార్డు ఊరు మారనక్కరలేదు, జాతీయ రహదారి మీద బస్సు, హౌరా–చెన్నై మార్గంలో రైలు. వినడానికి అన్ని విధాలా బాగానే ఉంటుంది. నేను మాత్రం ఈ నిర్ణయాన్ని పిల్లల వయసును బట్టి చేయమంటాను. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్ ద్వారా నిండే సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు, ఆ ప్రాంతంలో చదివిన విద్యార్థి స్థానికుడవుతాడు. పిల్లవాడు తొమ్మిదిలో ఉండగా బరంపురం బడిలో చేర్పిస్తే ఆ వరస తెగిపోతుంది. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే మిగిలిన 15 శాతంలో అవకాశం ఉంటుంది గాని, ఆ సీట్లకు పోటీ వేరు. ఇటు ఒడిశా కళాశాలలకు ఒడిశా నిబంధనలే వర్తిస్తాయి. ఉద్యోగరీత్యా నాలుగేళ్ల కోసం వచ్చిన ఆంధ్ర కుటుంబం రెండు వైపులా అర్హత పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఇంటరు రెండో ఏడాదిలో తెలిసి కుమిలిపోయిన తండ్రులను చూశాను గనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందువల్ల పిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉండి, పైచదువు ఆంధ్రలోనే అనుకుంటే, ఇచ్ఛాపురంలో కాపురం పెట్టి ఆంధ్ర బడిలోనే చదివించడం సరైన పని. పిల్లలు మూడు నాలుగు తరగతుల్లో ఉంటే, లేదా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అయి మళ్లీ ఎక్కడికి బదిలీ అవుతుందో తెలియకపోతే, బరంపురంలో ఉండి కేంద్రీయ విద్యాలయంలో ప్రయత్నించడం మేలు. అసలు పిల్లల చదువు సమస్యే లేని దంపతులు ఇచ్ఛాపురంలో ఉండి రోజూ యాభై కిలోమీటర్లు తిరగడంలో అర్థం నాకు కనిపించదు. వెళ్లేవాడు ఒక్కడే అయినా, సాయంత్రం ఏడు దాటి అలసిపోయి ఇల్లు చేరే మనిషితో ఇంట్లో అందరూ సర్దుకోవాలి. వానాకాలంలో రహదారి మీద లారీల వెనక మోటారు సైకిలు ప్రయాణం మంచిది కాదు. రైలును నమ్ముకుంటే మధ్యలో సుర్లా రోడ్డు, గోలంతరా స్టేషన్లే గనుక దూరం చిన్నదే, అయితే ఆఫీసు వేళకు సరిపడే బండి ఉందో లేదో ఆ ఏటి పట్టికలో చూసుకున్నాకే మాట ఇవ్వండి. ఇంకొక సంగతి: ఆంధ్ర నంబరు ఉన్న బండిని ఒడిశాలో పన్నెండు నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. బరంపురంలో స్థిరపడేవారు పాత ఊరి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం ముందే తెచ్చుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

గోపాలపూర్‌లో ఉండాలని ముచ్చటపడేవారు ఉంటారు. సముద్రం చూస్తూ నిద్ర లేవాలన్న కోరికను నేను తక్కువ చేయను. రేవులోనో సైనిక స్థావరంలోనో పని ఉన్నవారికి అది తగిన చోటే. మిగిలినవారికి ఉప్పుగాలి ఇనుప కిటికీలను, ఫ్రిజ్జు వెనక భాగాన్ని, స్కూటరును తినేస్తుంది. ప్రతి ఆదివారం ఊరంతా సందర్శకులు. పదహారు కిలోమీటర్లే గదా, సాయంత్రం వెళ్లి ఒడ్డున కూర్చుని రావచ్చు. గోలంతరా వైపు మాత్రం అక్కడి కళాశాలల్లో పనిచేసే యువ ఉద్యోగులకు బాగుంటుంది. చిన్నపిల్లలతో వెళ్లే కుటుంబం రాత్రివేళ వైద్యుడి కోసం బరంపురం రావలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

అద్దెకుంటూనే స్థలం కొనాలనే ఆలోచన ఉన్నవారు కొలతల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మన వైపు గజాలు, సెంట్లు; ఇక్కడ డెసిమల్, గుంఠ. డెసిమల్ మన సెంటుతో సమానం, అంటే సుమారు 48 చదరపు గజాలు. గుంఠ దగ్గరే పొరపాటు జరుగుతుంది: తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు, అంటే ఒక్కొక్కటి నాలుగు డెసిమల్‌లు. ధర చెప్పేవారు ఏ కొలతలో చెబుతున్నారో మొదటే తేల్చుకోండి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాటు నంబరు పెట్టి ‘కిసమ్’ (భూమి రకం) అన్న చోట ఘరబారి (ఇంటిస్థలం) అని ఉందో లేదో చూడండి. సాగుభూమి అని ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద ఇంటిస్థలంగా మార్పిడి జరిగిన కాగితం చూపించమనండి. అది లేకుండా చవకగా వచ్చే స్థలం చాలావరకు ఏ మడి మీదో ఉంటుంది. నీళ్ల కథ మళ్లీ మొదటికి వస్తుంది.

కిందటి నెల టెక్కలి నుంచి బదిలీ మీద వస్తున్న ఒక బ్యాంకు ఉద్యోగి నన్ను సలహా అడిగారు. ఊరి నడుమ బ్రాంచి, ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండో తరగతి అబ్బాయి, కీళ్లనొప్పులున్న తల్లి. అమ్మాయికి ఇంజనీరింగు ఆంధ్రలోనే కావాలన్నారు. ఆయనకు నేను చెప్పినది ఇది: అమ్మాయి చదువు కోసం ఇచ్ఛాపురమే తీసుకోండి, స్టేషనుకు నడిచి వెళ్లగలిగే చోట, తల్లిగారికి మెట్లు లేని ఇల్లు చూడండి, ఇంటరు పూర్తయ్యాక గాంధీనగర్‌కు మారండి. అమ్మాయి అయిదో తరగతిలో ఉండి ఉంటే మొదటి రోజే గాంధీనగర్ అని చెప్పేవాణ్ని. ఒప్పందం పదకొండు నెలలకే రాయించుకోమన్నాను, జూన్‌లో చేరితే ఆ గడువు లోపలే ఒక అక్టోబరు వచ్చి వెళ్తుంది గనుక. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఒక వాన కురిసిన మర్నాడు పొద్దున్నే, బ్రోకరు లేకుండా, ఆ వీధిలో ఒకసారి నడిచి రమ్మన్నాను.